ఎక్కాల చార్టు గోడ మీద ఉంటే చాలదు

ఎక్కాల చార్టుల్లో ప్రధానంగా రెండు రకాలు. ఒకదానిలో ఒక్కో ఎక్కం నిలువుగా ఉంటుంది: 7 × 1 = 7, 7 × 2 = 14 అంటూ. రెండోది గళ్ళ చార్టు. పైన 1 నుంచి 10, ఎడమ పక్కన 1 నుంచి 10, మధ్యలో 100 గళ్ళు. మొదటిది వల్లె వేయడానికి బాగుంటుంది, అంతకు మించి పెద్దగా పనికిరాదు. దానితోనే నేర్చుకున్న పిల్లల్ని ‘ఏడు ఎనిమిదులు ఎంత?’ అని అడగండి, ‘ఏడు ఒకట్ల ఏడు’ దగ్గర్నుంచి గొణుక్కుంటూ వస్తారు. పాట వచ్చింది, లెక్క రాలేదు.

గళ్ళ చార్టు అయినా అచ్చువేసింది ఇవ్వకండి. ఖాళీది ఇచ్చి పిల్లలచేతే నింపించాలి. అంకెల వరుసలతో కలిపి 11 × 11 గళ్ళు, గడి 1.6 సెంటీమీటర్లయితే ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది. ముందు 1, 2, 10, 5 ఎక్కాలు. తర్వాత 4 (రెండో ఎక్కానికి రెట్టింపు), 8 (నాలుగుకి రెట్టింపు), 3, దానికి రెట్టింపు 6, ఆపైన 9. చివరికి 7. 4 × 7 గడిలో 28 రాయగానే 7 × 4 గడిలోనూ రాయించాలి. అలా చేస్తూ వస్తే అందరూ భయపడే ఏడో ఎక్కంలో కొత్తగా మిగిలేది 7 × 7 ఒక్కటే.

కూడుకుంటూ నింపేటప్పుడు ఒక్క తప్పు కింది గళ్ళన్నిటికీ పాకుతుంది. 35 తర్వాత 42 బదులు 43 పడిందంటే ఆపై 50, 57, 64, చివర 71. పదో గడిలో 70 లేదంటే ఎక్కడో జారినట్టే. తిరగేసిన గడితో పోలిస్తే ఎక్కడ జారిందో దొరుకుతుంది. తొమ్మిదో ఎక్కంలో ఇంకో తమాషా ఉంది: ఒకట్ల స్థానంలో 9 నుంచి 0 దాకా, పదుల స్థానంలో 0 నుంచి 9 దాకా గబగబా రాసేస్తారు. గళ్ళు నిండుతాయి, గుణకారం జరగదు. అందుకే అక్కడక్కడా ఆపి అడగాలి.

నిండిన చార్టులో ఇక నేర్చుకోనక్కర్లేని గళ్ళకి ఇప్పుడు రంగులు వేయించండి. తిరగేసినవి ఒకటే కాబట్టి 100 గళ్ళలో విడివిడిగా నేర్చుకోవాల్సినవి 55. వాటిలో 1, 2, 5, 10 ఉన్నవి తీసేస్తే 21. తొమ్మిదో ఎక్కం, 6 × 6 లాంటి వర్గాలు కూడా వచ్చేశాయనుకుంటే మిగిలేవి పదే: 3 × 4, 3 × 6, 3 × 7, 3 × 8, 4 × 6, 4 × 7, 4 × 8, 6 × 7, 6 × 8, 7 × 8. వంద అనుకున్న పని పదికి దిగడం కళ్ళముందే కనబడితే పిల్లలకి ధైర్యం వస్తుంది.

చార్టు ఎప్పుడూ కళ్ళెదురుగా ఉంటే మాత్రం జ్ఞాపకం చేసుకోరు, చదివేస్తారు. వచ్చిన గడి మీదల్లా చిన్న కాగితం ముక్క అంటించండి. జవాబు చెప్పాకే ముక్క ఎత్తి సరిచూసుకోవాలి. రోజుకి ఐదు నిమిషాలు చాలు, వరస తప్పించి అడగాలి. తప్పిన ప్రశ్నని వెంటనే కాదు, మరో మూడు ప్రశ్నల తర్వాత మళ్ళీ అడగాలి. గడియారం పెట్టడం చివరి సంగతి. తొందరపెడితే ఊహించి చెప్పడం అలవాటవుతుంది.

7 × 8 కి 54 అన్నారంటే ఆరు తొమ్మిదులతో కలిసిపోయిందన్నమాట. కసిరి లాభం లేదు. చార్టులో ఎడమ పై మూల నుంచి ఏడు వరుసలు, ఎనిమిది నిలువులు అట్టముక్కతో వేరుచేసి చూపండి. అంకెల వరుసలు వదిలేస్తే లోపలున్న గళ్ళు సరిగ్గా 56. వాటినే ఐదు నిలువులు, మూడు నిలువులుగా విడదీస్తే 35, 21. ఈసారి మరిచిపోయినా మళ్ళీ కట్టుకోగలరు.

భాగహారానికీ ఇదే కాగితం. ఏడో వరుసలో 56 దాకా వెళ్ళి పైకి చూస్తే 8. 24 ఎక్కడెక్కడ ఉందో వెతకమంటే నాలుగు చోట్ల దొరుకుతుంది, 36 మాత్రం మూడు చోట్లే. ఎందుకో పిల్లలనే చెప్పమనండి. కర్ణం మీదున్న 6 × 6 ని తిరగేసినా అదే గడి కదా.