లండన్‌లో మా జీతానికి సరిపడే ఏరియా: ఈస్ట్ హామ్ గది నుంచి సెవెన్ కింగ్స్ ఇంటి దాకా

లండన్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే తెలిసినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఈస్ట్ హామ్‌లో దిగిపో, అంతా మనవాళ్లే." మంచి సలహానే, నేనూ అక్కడే దిగాను. కానీ కుటుంబమంతా వచ్చాక ఏ ఏరియా మన జీతానికి సరిపోతుందో తేల్చుకోవాలంటే ఆ ఒక్క మాట చాలదు. 2023 చివర్లో నేను ముందు వచ్చాను, మా ఆయన, ఐదేళ్ల బాబు గుంటూరులో ఉన్నారు. వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జ్ 2024 ఫిబ్రవరి 6 నుంచి పెద్దవాళ్లకి ఏడాదికి 624 పౌండ్ల నుంచి 1,035 పౌండ్లకి పెరుగుతోందని తెలిసి వాళ్ల అప్లికేషన్లు జనవరిలోనే పెట్టేశాం. దాంతో మార్చి లోపల ఇల్లు దొరకాల్సిందే. చలికాలంలో, చీకటి పడ్డాక, ఆఫీసు అయ్యాక తిరిగి తిరిగి వెతికాను, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. నాలాగే వచ్చేవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు బడ్జెట్ సంగతి, ఎందుకంటే ఇక్కడ బడ్జెట్ మనం అనుకుంటే అయ్యేది కాదు, ఏజెంట్లు వేసే లెక్క ఒకటి ఉంది. చాలామంది ఏజెంట్లు నెల అద్దెకి కనీసం ముప్పై రెట్లు వార్షిక జీతం ఉండాలంటారు. నా జీతం 48 వేల పౌండ్లు, అంటే అద్దె 1,600 దాటితే అప్లికేషనే ముందుకి కదలదు. మా ఆయనకి ఇక్కడ ఇంకా ఉద్యోగం లేదు కాబట్టి ఆయన పేరు లెక్కలోకి రాదు. పన్నులు పోగా నా చేతికొచ్చేది నెలకి మూడు వేల చిల్లరే. అందుకని కానరీ వార్ఫ్, గ్రీనిచ్ లాంటి చోట్ల ఇళ్లు చూడ్డం కూడా మొదట్లోనే మానేశాను.

తర్వాత నేను నేర్చుకున్నది, అద్దె ఒక్కటే పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ఏరియా చవకో తెలియదు. అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, ఆఫీసుకి రానుపోను చార్జీ, చలికాలం హీటింగ్, ఈ నాలుగూ కూడాలి. కౌన్సిల్ అంటే ఇక్కడి మున్సిపాలిటీ, దానికి కట్టే కౌన్సిల్ ట్యాక్స్ మన ఊళ్లో ఇంటి పన్నులాంటిదే అయినా ఇక్కడ ఓనరు కట్టడు, అద్దెకున్నవాళ్లే కట్టాలి. ప్రతి ఇంటికీ ఏ నుంచి హెచ్ దాకా ఒక బ్యాండ్ ఉంటుంది, ఆ బ్యాండ్ ఇప్పటికీ 1991 నాటి ఇంటి విలువని బట్టే. విచిత్రం ఏమిటంటే డబ్బున్నవాళ్లుండే వెస్ట్‌మిన్‌స్టర్, వాండ్స్‌వర్త్ కౌన్సిళ్లలో ఈ పన్ను బాగా తక్కువ, మనలాంటివాళ్లం అద్దెకుండే దూరపు కౌన్సిళ్లలో ఎక్కువ. ఇది నాకు ఇప్పటికీ న్యాయంగా అనిపించదు. ఇల్లు నచ్చగానే పోస్ట్‌కోడ్ కొట్టి ఆ ఇంటి బ్యాండ్ ఏమిటో ప్రభుత్వ సైట్‌లో చూడొచ్చు. ఒంటరిగా ఉంటే 25 శాతం తగ్గిస్తారు, అది కౌన్సిల్‌ని అడిగి తెచ్చుకోవాలి.

నా ఆఫీసు ఫారింగ్‌డన్‌లో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. లండన్‌ని మధ్య నుంచి బయటికి జోన్లుగా విడగొట్టారు, జోన్ పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది, రైలు చార్జీ పెరుగుతుంది. నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామంది స్లౌలో ఉంటారు, లండన్‌ని పడమర నుంచి తూర్పుకి దాటే ఎలిజబెత్ లైన్ మీద అక్కణ్ణించి ఫారింగ్‌డన్‌కి నేరుగా రైలు. ఆ ఊళ్లో తెలుగువాళ్లూ ఎక్కువే. కానీ స్లౌ లండన్ జోన్ల బయట ఉంది, లండన్ రైళ్లకి, బస్సులకి వాడే ఆయిస్టర్ కార్డు వెస్ట్ డ్రేటన్ స్టేషన్ దాటితే పనిచెయ్యదు, బ్యాంకు కార్డు తాకించి వెళ్లాలి, చార్జీ కూడా చాలా ఎక్కువ పడుతుంది. ఆఫీసు లండన్ పడమర వైపు ఉన్నవాళ్లకి స్లౌ బంగారంలాంటి ఊరు, నాకు మాత్రం లెక్క కుదరలేదు. హౌన్స్లోలో ఒక స్నేహితురాలి ఇంట్లో శనాదివారాలు ఉండి చూశాను, మంచి బజారు, అద్దెలు కూడా పరవాలేదు, కానీ హీత్రూలో దిగే విమానాలు ఇంటి కప్పు మీదుగా వెళ్తున్నట్టే ఉంటాయి, పికడిల్లీ లైన్‌లో ఆఫీసుకి గంట పైనే. క్రోయ్‌డన్‌లో ఇళ్లు పెద్దవి, ట్యూబ్ (మెట్రో) లేదు గానీ రైళ్లు, ట్రామ్‌లు ఉన్నాయి. అటువైపు మాకు తెలిసినవాళ్లెవరూ లేకపోవడంతో అక్కడ ఎక్కువ వెతకలేదు.

ఇక ఈస్ట్ హామ్. ఒక తెలుగు కుటుంబం ఇంట్లో గది తీసుకున్నాను, ఇంటావిడది తెనాలి. హై స్ట్రీట్ నార్త్‌లో నడుస్తుంటే దొండకాయలు, గోంగూర, మునక్కాడలు బయట తట్టల్లోనే కనిపిస్తాయి, తమిళ, మలయాళీ కొట్ల పక్కనే మన టిఫిన్ హోటళ్లు. మహాలక్ష్మి గుడి ఆ రోడ్డు మీదే, మానర్ పార్క్‌లో మురుగన్ గుడి. మొదటి నెలల్లో ఒంటరితనం నా దగ్గరికి రాకుండా కాపాడింది ఆ రోడ్డే. అందుకే ఒంటరిగా వచ్చేవాళ్లకి నేను కూడా ఈస్ట్ హామే చెప్తాను. కానీ ఆ కారణంగానే అక్కడ ఇళ్లకి పోటీ విపరీతం. రెండు పడగ్గదుల ఫ్లాట్ ఆన్‌లైన్‌లో పెడితే సాయంత్రానికల్లా పోతుంది, అద్దె కూడా ఇల్ఫర్డ్ కంటే తక్కువేమీ కాదు. పైగా మూడు గదుల ఇంట్లో హాలుని కూడా పడగ్గది చేసి ఐదారుగురికి అద్దెకిచ్చే ఓనర్లు ఎక్కువ. ఈస్ట్ హామ్ ఉండే న్యూహామ్ కౌన్సిల్ 2013 నుంచి అద్దె ఇళ్లకి లైసెన్సు తప్పనిసరి చేసింది, ఫలానా ఇంటికి లైసెన్సు ఉందో లేదో మనమే చూసుకోవచ్చు. నేను చూసిన ఒక ఇంటికి అది లేదు, అడిగితే ఓనరు "అవన్నీ మీకెందుకు" అన్నాడు. అక్కడితో ఆ ఇల్లు వదిలేశాను.

మా ఇంటావిడే ఒకరోజు రాత్రి అన్నం తింటూ అంది: "నువ్వు ఆ పర్పుల్ లైన్ పట్టుకుని ఇల్ఫర్డ్ దాటి చూడమ్మాయ్, పిల్లాడికి బళ్లు కూడా అటే బాగుంటాయి." పర్పుల్ లైనంటే ఎలిజబెత్ లైనే, అది 2022 మేలో మొదలైంది, తూర్పు వైపు షెన్‌ఫీల్డ్ నుంచి వచ్చే రైళ్లు మాత్రం ఆ నవంబర్ నుంచే లివర్‌పూల్ స్ట్రీట్‌లో మారకుండా సిటీ మధ్యలోకి నేరుగా వస్తున్నాయి. దాంతో ఇల్ఫర్డ్, సెవెన్ కింగ్స్, గుడ్‌మేస్ ఫారింగ్‌డన్‌కి అరగంట దూరంలోకి వచ్చాయి. మూడూ జోన్ 4, మూడూ రెడ్‌బ్రిడ్జ్ కౌన్సిల్. ఇల్ఫర్డ్ స్టేషన్ దగ్గర బజారు, రద్దీ, అద్దె ఎక్కువ. ఒక స్టేషన్ దాటి సెవెన్ కింగ్స్‌కి వస్తే అదే సైజు ఫ్లాట్ వంద పౌండ్లు తక్కువకి కనిపించింది. గుడ్‌మేస్‌లో ఇంకో విషయం తెలిసింది, స్టేషన్‌కి దక్షిణంగా కొంచెం నడిస్తే కౌన్సిల్ మారిపోయి బార్కింగ్ అండ్ డాగెన్‌హామ్ వస్తుంది. కౌన్సిల్ మారితే పన్నూ మారుతుంది, స్కూళ్ల అప్లికేషన్ కూడా వేరే కౌన్సిల్‌కి వెళ్తుంది. ప్రకటనలో "గుడ్‌మేస్" అని రాసినంత మాత్రాన సరిపోదు, పోస్ట్‌కోడ్‌తో ఏ కౌన్సిలో చూసుకోవాలి.

బడి విషయం నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. ఇక్కడ ప్రభుత్వ బడులు ఉచితం, మంచివి కూడా, కానీ సీటు ఇల్లు ఎంత దగ్గరన్న దాన్ని బట్టి. సంవత్సరం మధ్యలో వచ్చే పిల్లలకి కౌన్సిల్ ద్వారా విడిగా అప్లై చెయ్యాలి, అడ్రస్ ప్రూఫ్‌కి అద్దె అగ్రిమెంట్ అడుగుతారు. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాక దగ్గర బడిలో సీటు లేదంటే? అందుకని ఏ ఇల్లు నచ్చినా సంతకానికి ముందే చుట్టుపక్కల బడుల ఆఫీసులకి ఫోన్ చేసి "ఇయర్ వన్‌లో ఖాళీ ఉందా" అని అడిగేదాన్ని. చాలామంది ఓపిగ్గా చెప్పారు. ఒక బడిలో పెద్దావిడ "ఈరోజుకి రెండు ఖాళీలు ఉన్నాయి, వచ్చే వారం మాట చెప్పలేను" అంది. వెయిటింగ్ లిస్టు కూడా ముందు చేరినవాళ్లకి ముందు అన్నట్టు ఉండదు, మన తర్వాత చేరినవాళ్ల ఇల్లు దగ్గరైతే వాళ్లు మన పైకి వెళ్తారు. ఫోన్ చెయ్యడానికి మొహమాటపడకండి, ఇంత నికరమైన సమాచారం ఇంకెక్కడా దొరకదు.

ఇళ్లు చూసేటప్పుడు నేను వెతికింది ముఖ్యంగా చెమ్మ. ఒక ఫ్లాట్‌లో పడగ్గదికి కొత్తగా తెల్ల రంగు వేసి ఉంది, ఇంకా వాసన పోలేదు, బీరువా గోడకి పూర్తిగా ఆనించి ఉంది. కొంచెం జరపమంటే ఏజెంట్ మొదట ఒప్పుకోలేదు, నేనే పక్కకి లాగి ఫోన్ లైటు వేశాను. గోడ మీద మోకాలి ఎత్తు దాకా నల్ల బూజు, వేలితో తాకితే తడి. పిల్లాడికి చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది, ఆ గదిలో వాణ్ణి పడుకోబెట్టడమన్న ఆలోచనకే ఒళ్లు జలదరించింది. అప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ కిటికీ చట్రాల మూలలు, బాత్రూం సీలింగ్, బీరువాల వెనక, సింకు కింద చూసేదాన్ని. వంటింటికి కిటికీ ఉండాలి. వంటగదీ హాలూ కలిపేసిన ఫ్లాట్లలో మన పోపు వేస్తే పొగ అలారం మోగుతుంది, ఇంగువ వాసన సోఫాలకి పట్టి పోదు, దాని మీద ఓనర్లతో గొడవలు పడ్డవాళ్లు తెలుసు. ఇంటి ఎనర్జీ రేటింగ్ కూడా ముందే చూడాలి, అద్దెకివ్వాలంటే కనీసం 'E' గ్రేడు ఉండాలని రూలు, ఆ సర్టిఫికెట్ ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. రాత్రి కరెంటుతో వేడెక్కే పాత హీటర్లున్న ఫ్లాట్లు అద్దె తక్కువకి వస్తాయి, ఆ తగ్గింపంతా చలికాలం బిల్లులోకి పోతుంది. గ్యాస్ బాయిలర్ ఉన్నవే చూశాను, పాత బిల్లు చూపించమని అడిగాను.

ఏరియా చూడ్డానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్తే అన్ని వీధులూ బాగానే కనిపిస్తాయి. నేను ఆఫీసు రోజునే, రాత్రి తొమ్మిదింటికి స్టేషన్‌లో దిగి ఇంటి దాకా నడిచి చూసేదాన్ని, దీపాలెలా ఉన్నాయి, ఆడవాళ్లు ఒంటరిగా నడుస్తున్నారా అని. పొద్దున్నే రైలెక్కి నిలబడే చోటైనా ఉంటుందా అని కూడా చూశాను. పోలీసుల సైట్‌లో వీధివారీగా నెలనెలా నేరాల మ్యాప్ పెడతారు, అందులో ఇళ్ల దొంగతనాలు చూడండి, ఎందుకంటే మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు, దీపావళి ముందు లండన్ పోలీసులే హెచ్చరికలు చేస్తుంటారు. నగలు గుంటూరులోనే వదిలి రమ్మని మా ఆయనకి గట్టిగా చెప్పాను.

ఇల్లు దొరికాక కూడా పని అయిపోలేదు. గుడ్‌మేస్‌లో ఒక ఏజెంట్, నాకు ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేదని ఆరు నెలల అద్దె ముందే కట్టమన్నాడు, తొమ్మిది వేల పైమాటే. ఊళ్లో అప్పు తెచ్చి కట్టేవాళ్లున్నారు, నేను వద్దనుకున్నాను. (ఇప్పుడు వచ్చేవాళ్లకి కొంచెం నయం, 2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ఒక నెలకి మించి ముందస్తు అద్దె అడగకూడదు.) సెవెన్ కింగ్స్‌లో పాత వరసిళ్లలో ఒక మేడ పైభాగం, రెండు గదులు, 1,550 పౌండ్లు, ఓనరే నేరుగా ఇస్తున్నాడు. ఆఫీసు లెటరు, మూడు నెలల పేస్లిప్పులు, వీసా షేర్ కోడ్ (మన వీసాని ఓనరు ఆన్‌లైన్‌లో చూసుకునే నంబరు) అన్నీ ఒకే ఫైలుగా చేసి చూసిన రోజు సాయంత్రమే పంపాను. పెద్దాయన పంజాబీ, తను కూడా ఒకప్పుడు ఇలాగే ఒక గదిలో మొదలుపెట్టానని చెప్పి ఇల్లు నాకే ఇచ్చాడు. చట్టం ప్రకారం ఇల్లు మనకోసం ఆపి ఉంచడానికి కట్టే హోల్డింగ్ డిపాజిట్ వారం అద్దెకి మించకూడదు, అసలు డిపాజిట్ ఐదు వారాలకి మించకూడదు, నాకు 1,788 పౌండ్లు పడింది. ఆ డబ్బుని ఓనరు ముప్పై రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టి కాగితం ఇవ్వాలి, అది రాకపోతే అడిగి తీసుకోండి. చేరిన రోజే ప్రతి గోడా, ప్రతి మరకా ఫోటోలు తీసి ఆయనకి మెయిల్ చేశాను. ఇల్లు కళ్లారా చూడకుండా, ఇండియా నుంచే డబ్బు పంపమనే ప్రకటనలు మాత్రం ఎంత చవగ్గా ఉన్నా నమ్మకండి.

మా ఆయన, బాబు మార్చిలో వచ్చారు. నేను ఫోన్ చేసిన బడిలోనే సీటు దొరికింది, నడిచి వెళ్లేంత దగ్గర. కౌన్సిల్ ట్యాక్స్ నెలకి సుమారు 150, మామూలుగా పది వాయిదాల్లో కడతాం కాబట్టి ఫిబ్రవరి, మార్చి ఉండదు, ఆ రెండు నెలలూ పెద్ద ఊరట. కూరగాయలకి, గుడికి ఇల్ఫర్డ్ నుంచి బస్సులో ఈస్ట్ హామ్ వెళ్తాం, బస్సుకి ఎంత దూరమైనా ఒకటే చార్జీ, గంటలోపు ఇంకో బస్సు ఎక్కితే దానికి చార్జీ లేదు. నిరుడు ఓనరు అద్దె వంద పెంచుతానన్నారు, అదే వీధిలో అద్దెకి పెట్టిన ఇళ్ల ప్రకటనలు రెండుమూడు ప్రింటు తీసి చూపించి, ఇన్నాళ్లలో ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు అంకుల్ అని చెప్పాను. యాభైకి ఒప్పుకున్నారు, ఇప్పుడు 1,600 కడుతున్నాం. మా ఆయనకి స్ట్రాట్‌ఫర్డ్‌లో ఉద్యోగం వచ్చింది, అదీ ఇదే లైన్ మీద, కాబట్టి బాబు ప్రైమరీ అయ్యేదాకా ఇక్కడే ఉంటాం.