వెర్మాంట్ పెరట్లో మేపుల్ పాకం

అమెరికాలో బోస్టన్ నుంచి వెర్మాంట్ రాష్ట్రానికి వెళ్లేవాళ్లలో చాలామంది అక్టోబరులో రంగు మారిన ఆకుల కోసం వెళ్తారు. మేం మార్చిలో వెళ్లాం. చెట్ల మీద ఒక్క ఆకు లేదు. హైవే 89 దిగి మాంట్‌పీలియర్ దాటాక మట్టి రోడ్డు మొదలైంది. కరుగుతున్న మంచుతో అంతా బురదే. కారు ఎక్కడ దిగబడుతుందోనని ఒకటే టెన్షన్.

మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడే ఉంటాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా మాత్రం ధ్యాసంతా పెరట్లోని షుగర్ మేపుల్ చెట్ల మీదే. వాటి మానులోంచి కారే రసం పట్టి, మరిగించి పాకం (సిరప్) చేస్తాడు. కనీసం పది, పన్నెండు అంగుళాల మందం ఉన్న మానుకే కన్నం పెడతాడు. కన్నం వెడల్పు అంగుళంలో మూడో వంతు కూడా ఉండదు, లోతు ఒకటిన్నర అంగుళాలు. రసం బయటికి జారేలా డ్రిల్లును కాస్త పైకి వంచి పట్టుకుంటాడు. కన్నంలోకి చిన్న గొట్టం దిగ్గొట్టి, దానికి మూతబకెట్ తగిలిస్తే చెట్టు దగ్గర పని అయిపోయినట్టే. వచ్చే ఏడు కన్నం ఇంకోచోట పెట్టాలి.

రసం కారాలంటే రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండాలి, పగలు నాలుగైదు డిగ్రీలకైనా ఎక్కాలి. గడ్డకట్టేటప్పుడు చెట్టు వేళ్లలోంచి నీళ్లు లాక్కుంటుంది. కరిగేటప్పుడు లోపల ఒత్తిడి పెరిగి, కన్నం దొరికిన చోట రసం బయటికి తన్నుకొస్తుంది. బకెట్‌లోంచి గ్లాసుతో ముంచి తాగి చూశాను. అచ్చం మంచినీళ్లే!

“ఇందులో తీపెక్కడుందన్నయ్యా?”

“రెండు శాతం ఉంటుందిరా. మిగతా నీళ్లన్నీ మనమే మరిగించి తగలెయ్యాలి.”

చెరుకు రసమైతే పది లీటర్లకు కిలోన్నర, రెండు కిలోల బెల్లం వస్తుంది. ఇక్కడ 40 లీటర్లు మరిగిస్తే వచ్చేది ఒక్క లీటరు సిరప్. మరిగే రసం మీంచి లేచే ఆవిరికి వంటింటి గోడలు జిడ్డుదేరతాయని వదిన ఈ పనిని ఎప్పుడో బయటికి తరిమేసింది. పెరట్లో సిమెంటు ఇటుకల పొయ్యి, దాని మీద వెడల్పాటి స్టీలు ట్రేలు. వెడల్పు ఎంత ఉంటే నీరు అంత తొందరగా పోతుంది. నురగ పొంగొచ్చినప్పుడల్లా అన్నయ్య చిటికెడు వెన్న వేస్తాడు, ఠక్కున అణిగిపోతుంది. కట్టెలు ఎగదోస్తూ, పొగకు కళ్లు నులుముకుంటూ పొద్దు గడిచిపోయింది. కట్టెల ఖర్చు, మన ఒళ్లు నొప్పులు లెక్కేస్తే కొట్లో సీసా కొనుక్కోవడమే చవక. ఆ మాటే అన్నాను. అన్నయ్య విననట్టే ఊరుకున్నాడు.

అసలు పరీక్ష చివరి అరగంటలో ఉంది. చిక్కబడ్డాక గిన్నెలోకి వంచి లోపలి స్టవ్ మీద పెట్టాడు. ముందు మామూలు నీళ్లు మరిగించి థర్మామీటర్ చూసుకున్నాడు, వాతావరణాన్ని బట్టి మరిగే వేడి కొంచెం మారుతుందట. దానికి నాలుగు డిగ్రీలు పైన, అంటే 104 సెల్సియస్ దగ్గర, సిరప్ అయినట్టు. ముందే దించితే నిలవుండక బూజు పడుతుంది, ఆలస్యమైతే సీసా అడుగున పలుకులు కడుతుంది, ఇంకాస్త ఏమరితే మాడుతుంది. గరిటె ఎత్తితే చుక్కలుగా కాక అంచు వెంట పలచటి రేకులా జారింది. వెంటనే స్టవ్ కట్టేసి మందపాటి ఉన్ని బట్టలో వడగట్టాడు. బట్టకు ఇసకలాంటి మడ్డి అంటుకుంది. చెట్టులోని ఖనిజాలే అలా పేరుకుంటాయి. వేడి మీదే సీసాల్లో పోసి మూతలు బిగించాం.

రాత్రి వదిన కొంచెం సిరప్‌ను ఇంకా ముదరనిచ్చి, పళ్లెంలో గట్టిగా అదిమిన మంచు మీద తీగలా పోసింది. ఫోర్కుకు చుట్టుకుని తింటే పళ్లకు సాగుతూ అంటుకుంటుంది. దీనితో డోనట్లు, పుల్లటి దోసకాయ ఊరగాయ పెట్టడం వెర్మాంట్ ఆనవాయితీ. ఊరగాయ బదులు వదిన మాగాయ పెట్టింది. నన్నడిగితే అదే మేలు.

ఇదంతా చూడాలనుంటే మార్చి దాటనివ్వకండి. మొగ్గలు ఉబ్బడం మొదలైతే రసం రుచి చెడిపోతుంది, గొట్టాలు పీకేస్తారు.