నాలుగు పలుకులకు 18 నెలలు

అమెరికాలోని నాష్‌విల్ నగరంలో బ్రాడ్‌వే వీధి ఉదయం 11 గంటలకే హోరెత్తిపోతుంది. రెండు వైపులా ఉన్న ప్రతి బారులోనూ ఒక బ్యాండు వాయిస్తూనే ఉంటుంది, కిటికీలన్నీ తెరిచే ఉంచుతారు కాబట్టి ఒక పాట పల్లవి మీద ఇంకొక పాట చరణం వచ్చి పడుతుంది. లోపలికి వెళ్లడానికి టిక్కెట్టు ఉండదు. శ్రోతలు జాడీలో వేసే డబ్బే గాయకులకు ఆధారం, కోరిన పాట పాడించుకోవాలంటే కాస్త పెద్ద నోటే వేయాలి. కారు నిలుపుకోవడానికి మా అబ్బాయి చేత అప్పటికే 40 డాలర్లు కట్టించుకున్నారు. ఆ బాధ మనసులో ఉన్నా, నేను ఒక బారులోకి వెళ్లి 20 డాలర్ల నోటు జాడీలో వేసి, కంట్రీ సంగీత గాయకుడు జార్జ్ జోన్స్ పాడిన ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’ పాడమని అడిగాను. పాతికేళ్లు నిండని ఆ గాయకుడు మర్యాదగానే జవాబిచ్చాడు. ఆ పాట తనకు వచ్చునని, కానీ సెలవులు గడపడానికి వచ్చిన జనం పట్టపగలు అంత విషాదాన్ని వినరని, పాడితే కుర్చీలు ఖాళీ అవుతాయని చెప్పి నోటు తిరిగి ఇవ్వబోయాడు. నేను పుచ్చుకోలేదు. బయటికైతే వచ్చేశాను గాని మనసు చివుక్కుమంది.

మా అబ్బాయికి నాష్‌విల్‌లో రెండు రోజుల ఆఫీసు పని పడితే, అట్లాంటా నుంచి నేనూ బయలుదేరడానికి కారణం ఆ పాటే. దాదాపు 250 మైళ్ల దారి. చాటనూగా దాటాక గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది, ఆ తరువాత మాంటీగిల్ కొండ ఎక్కి దిగాలి. ఆ ఏటవాలు దగ్గర పెద్ద లారీలన్నీ వేగం తగ్గించి, ఒకదాని వెనుక ఒకటి భారంగా దిగుతున్న తీరు చూశాను. మిగిలిన ప్రయాణంలో చెప్పుకోదగినదేమీ లేదు.

ఈ పాట నాకు మూడేళ్ల క్రితం పరిచయమైంది. కూరగాయలు కొనుక్కుని వస్తుండగా కారు రేడియోలో మొదలైంది. ఇంటి ముందు కారు ఆగినా, పాట పూర్తయ్యే దాకా నేను దిగలేకపోయాను. కథ చాలా చిన్నది. చచ్చిపోయే వరకూ నిన్నే ప్రేమిస్తానని ఒక మనిషి ఒక స్త్రీతో అంటాడు. కాలక్రమేణా మరచిపోతావులే అని ఆమె అంటుంది, వెళ్లిపోతుంది. అతడు ఆమె ఫొటోను గోడకు తగిలించుకుంటాడు, 1962 నాటి ఆమె ఉత్తరాలను మంచం పక్కన దాచుకుని, వాటిలో ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అన్న ప్రతి చోటా ఎర్ర సిరాతో గీత గీసుకుంటాడు. ఒక రోజు మిత్రుడు అతణ్ణి చూడటానికి వెళతాడు. అతడి ముఖంలో చిరునవ్వు కనిపిస్తుంది, కొన్నేళ్లుగా ఆ మిత్రుడు చూడని చిరునవ్వు. ఈరోజు అతడు ఆమెను ప్రేమించడం మానేశాడని అప్పుడు పల్లవి మొదలవుతుంది. ఎందుకు మానేశాడో వెంటనే చెప్పరు. ఇంటి గుమ్మానికి పూలచక్రం కట్టారని, కాసేపట్లో అతణ్ణి మోసుకుపోతారని వినేసరికి మనకు అర్థమవుతుంది. మనం ‘కన్నుమూశాడు’ అంటాం, ‘కాలం చేశాడు’ అంటాం. ఈ పాట ‘మానేశాడు’ అనే మామూలు క్రియతో ఆ మరణవార్త చెప్పింది, అందుకే నా గుండె బరువెక్కింది.

రాసినవారు బాబీ బ్రాడక్, కర్లీ పుట్మన్. నిర్మాత బిల్లీ షెరిల్. కథలో ఆ మనిషి ఎప్పుడు చనిపోవాలి, ఆమె తిరిగి రావాలా వద్దా అన్న విషయాల మీద షెరిల్ వాళ్ల చేత మళ్లీ మళ్లీ తిరగరాయించాడు. చివరికి పాట సిద్ధమైతే గాయకుడికే నచ్చలేదు. ఇంత దుఃఖాన్ని ఎవరూ కొనరని జోన్స్ తేల్చి చెప్పాడు. బ్రాడ్‌వేలో ఆ కుర్రవాడు నాతో అన్న మాటనే, 40 ఏళ్లకు ముందు, ఆ పాట పాడిన మనిషే అన్నాడన్నమాట.

మరునాడు అబ్బాయి మీటింగుకు వెళుతూ, “అమ్మా, క్యాబ్‌లో వెళ్లు, బస్సుల గొడవ నీకెందుకు” అన్నాడు. క్యాబ్‌కు పాతిక డాలర్లకు పైగా చూపించింది. బస్సు టిక్కెట్టు 2 డాలర్లు. నేను బస్సే ఎక్కాను. ఊరి మధ్య నుంచి దక్షిణంగా నోలెన్స్‌విల్ పైక్ వెంట వెళ్లే బస్సు అది. బ్రాడ్‌వే మెరుపులు రెండు మలుపుల్లో మాయమయ్యాయి. తరువాత కుర్దు భాషలో బోర్డులున్న రొట్టెల దుకాణాలు, మెక్సికన్ కిరాణాలు, టైర్ల షాపులు వచ్చాయి. అమెరికాలో కుర్దులు అత్యధికంగా స్థిరపడిన నగరం ఇదే. కంట్రీ సంగీతపు రాజధానిని చూడాలని వచ్చేవాళ్లలో చాలామంది ఈ దారిలోకి రారు.

నా పక్క సీటులో అరవై దాటిన ఒకామె కూర్చుంది, ఒడిలో సరుకుల సంచీ పెట్టుకుంది. ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం నన్ను ‘హనీ’ అని పిలిచి, ఎక్కడ దిగాలని అడిగింది. థాంప్సన్ లేన్ దగ్గర దిగి వుడ్‌లాన్ శ్మశానవాటికకు వెళతానన్నాను. ఎవరైనా పోయారా అని ఆందోళనగా చూసింది. జార్జ్ జోన్స్ సమాధి చూడటానికని చెప్పేసరికి సంచీ కింద పెట్టి, నా వైపు పూర్తిగా తిరిగింది. “పోసమ్‌ను చూడటానికి అంత దూరం నుంచి వచ్చావా?” అంది. జోన్స్‌ను అభిమానులు పిలుచుకునే ముద్దుపేరు అది.

తరువాత ఆమె చెప్పింది. ఆమె తండ్రి నాష్‌విల్, చాటనూగాల మధ్య లారీ నడిపేవాడట. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. తండ్రి ఆ సంగతి ఏనాడూ నోరెత్తి మాట్లాడలేదు. 1980 వేసవిలో, ఆమెకు 18 ఏళ్లప్పుడు, ఈ పాట రేడియోలో గంటకొకసారి వచ్చేది. సెలవుల్లో తండ్రి పక్కన లారీలో కూర్చుని వెళ్లేటప్పుడు ఆమె ఒక విషయం గమనించింది. పాట మొదలైతే తండ్రి శ్రద్ధగా వినేవాడు. మొదటిసారి పల్లవి అయ్యాక జోన్స్ పాడటం ఆపి మాట్లాడే ముక్క వచ్చేసరికి, చెయ్యి చాచి రేడియో కట్టేసేవాడు. ఆ ముక్కకు ఎంత సమయం పడుతుందో అంత సమయం రోడ్డు వైపు చూస్తూ కూర్చుని, మళ్లీ తిప్పేవాడు. గడియారం చూడకపోయినా ప్రతిసారీ సరిగ్గా చివరి పల్లవి దగ్గరే పాట అందుకునేది. ఆ ముక్కలో ఉన్నది నాలుగే వాక్యాలు: ఆమె అతణ్ణి ఆఖరుసారి చూడటానికి వచ్చింది, వస్తుందో రాదో అని అందరం అనుకున్నాం, ఈసారి అతడు ఆమెను నిజంగా మరచిపోయాడు అన్న మాటే నా మనసులో మెదులుతూ ఉంది అని.

“మా నాన్న పోయినప్పుడు చర్చిలో ఆ పాట వేయించాను. ఆ మాట్లాడే ముక్క ఆయన దగ్గర మొదటిసారి పూర్తిగా వినిపించింది ఆ రోజే” అంది. మీ అమ్మ వచ్చిందా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

ఆ నాలుగు వాక్యాలే పాటను చాలాకాలం ఆపేశాయి. 1975లో భార్య, గాయని ట్యామీ వైనెట్‌తో విడాకులయ్యాక జోన్స్ మద్యంలోనూ కొకైన్‌లోనూ మునిగిపోయాడు. కచేరీలకు రాకుండా పోయేవాడు, అందుకు జనం ఆయనకు ‘నో షో జోన్స్’ అని పేరు పెట్టారు. తాగి ఉన్నా పాడగలిగేవాడినని, మాట్లాడితే మాత్రం నాలుక తడబడేదని, అందువల్ల ఆ నాలుగు పలుకుల కోసం సుమారు మూడు నిమిషాల పాట రికార్డింగుకు 18 నెలలు పట్టిందని తరువాత ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఈ సంగతి మా నాన్నగారు వింటే ఆశ్చర్యపోయేవారు కాదు. ఆయన తెనాలి ప్రాంతపు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. హరిశ్చంద్ర కాటిసీను నాడు, ఎన్ని మైళ్ల నుంచో బండ్లు కట్టుకుని వచ్చిన జనం తెల్లవారుజామున మూడింటికి కూడా కదలకుండా కూర్చుని ఏడ్చేవారు, పద్యం పూర్తి కాగానే ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసేవారు. పద్యానికి నా శ్రుతి అండగా ఉంటుంది, వచనానికి నటుడు ఒక్కడే నిలబడాలి, అసలు నటుడెవరో అక్కడే తెలుస్తుంది అని నాన్నగారు అనేవారు. పద్యం అద్భుతంగా పాడి, ఆ వెంటనే వచనంలో తేలిపోయిన వాళ్లను ఆయన చాలామందిని చూశారు. దుఃఖాన్ని ఎవరూ కొనరన్న మాట మాత్రం ఆయన ఒప్పుకునేవారు కాదు. మా ఊళ్లో దుఃఖం కోసమే జనం టిక్కెట్టు కొన్నారు.

ఇక్కడా కొన్నారు. 1980 ఏప్రిల్‌లో విడుదలైన ఈ పాట జులైలో కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. జోన్స్ ఒంటరిగా పాడిన పాటకు ఆ స్థానం దక్కి అప్పటికి అయిదేళ్లు దాటింది. గ్రామీ వచ్చింది. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వరుసగా రెండేళ్లు, 1980లోనూ 1981లోనూ, దీనినే ఆ ఏటి మేటి గీతంగా ఎంచింది. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 జాబితాలో దీన్ని భద్రపరచవలసిన రికార్డింగుల్లో చేర్చింది. నాలుగు దశాబ్దాల గాన జీవితాన్ని మూడు నిమిషాల పాట కాపాడిందన్న అర్థంలో జోన్స్ రాసుకున్నాడు. తాగుడు మాత్రం ఆ పాటతో పోలేదు, దాన్ని పూర్తిగా వదలడానికి 1999 నాటి కారు ప్రమాదం దాకా పట్టింది.

థాంప్సన్ లేన్ దగ్గర బస్సు దిగి, కాలిబాట సరిగా లేని రోడ్డు పక్కన ఎండలో నడిచాను. వుడ్‌లాన్ చాలా పెద్దది, లోపలికి వెళ్లడానికి డబ్బేమీ కట్టనక్కరలేదు. 2013 ఏప్రిల్ 26న, 81 ఏళ్ల వయసులో, జోన్స్ మరణించాడు. మే 2న ఈ ఊళ్లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ సంగీతశాలలో జరిగిన అంత్యక్రియల సభలో గాయకుడు ఆలన్ జాక్సన్ ఈ పాటే పాడాడు, టోపీ తీసి ముగించాడు. ఆ నవంబరులో ఇక్కడ సమాధి మీద ఎత్తైన రాతి కమాను నిలిపారు. దాని మీద పాట పేరు చెక్కి ఉంది. తను వద్దన్న పాట పేరు కింద ఆయన నిద్రిస్తున్నాడు.

ట్యామీ వైనెట్ 1998లో మరణించింది. ఆమె కూడా ఇదే వాటికలో, లోపలి భవనం గోడలో ఉంది. నన్ను అన్నిటికన్నా కదిలించింది ఇదే. ఈ పాటలోని స్త్రీ ఆమేనని ఎంతోమంది శ్రోతలు నమ్మారు. నిజానికి పాట రాసినది వేరేవాళ్లు. 1968లో ట్యామీకి విడాకుల మీద పెద్ద పేరు తెచ్చిన పాట ‘డి-ఐ-వి-ఓ-ఆర్-సి-ఇ’ రాసింది కూడా ఈ బ్రాడక్, పుట్మన్‌లే. ఆ భవనం దాకా నడిచి వెళ్లి, ఆమె పేరు ముందు కాసేపు నిలబడి, మళ్లీ రాతి కమాను దగ్గరికి వచ్చాను.

ఫోను తీసి, శబ్దం తగ్గించి పాట పెట్టాను. కాస్త దూరంలో ఒక పెద్దాయన ఎవరిదో సమాధి మీద ఎండిన పూలు ఏరుతున్నాడు. మౌత్ ఆర్గాన్ వినగానే తలెత్తాడు. స్టీల్ గిటార్ వెంట వయొలిన్లు పైకి పైకి వెళ్లి, జోన్స్ పాడటం ఆపి మాట్లాడటం మొదలుపెట్టేసరికి, ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నాలుగు వాక్యాలూ తొణుకు లేకుండా, ఒక్కొక్కటీ తేటగా వినిపించాయి. పాట అయిపోయాక ఇద్దరం మాట్లాడలేదు. కాసేపటికి, ఇబ్బంది లేకపోతే ఇంకొకసారి పెట్టగలరా అని ఆయన అడిగాడు.

మళ్లీ పెట్టాను. రోడ్డు మీదికి వచ్చేసరికి రెండున్నర బస్సు వెళ్లిపోయింది.