పిచ్చుక పెట్టెకు ముందు నీడ, తర్వాతే చెక్క

బజారులో దొరికే పిచ్చుక గూళ్లలో చాలావాటికి రంగుల కప్పు, నున్నటి చెక్క, కన్నం కింద ముద్దుగా ఓ పుల్ల ఉంటాయి. ఈ మూడింటిలో పిచ్చుకకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. ముదురు రంగు ఎండను తాగి పెట్టెను కాల్చేస్తుంది. నున్నటి చెక్క మీద పిచ్చుక పిల్లల గోళ్లు జారిపోతాయి. ఆ పుల్ల మీద కాకో గోరింకో నిలబడి లోపలికి ముక్కు పెడుతుంది. పిచ్చుకకు పుల్ల అక్కర్లేదు, కన్నం అంచునే పట్టుకుని దూరుతుంది.

పైగా పెట్టెల గురించి తిరిగే సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాల నుంచి వచ్చినవే. వాళ్ల బాధ చలి, మన బాధ వేడి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో పడమటి గోడకు కొట్టిన పెట్టెలో పిల్లలు బతకడం కష్టం. అందుకే చెక్క కొనేముందు చోటు చూసుకోవాలి. సన్‌షేడ్ కింద, వసారా చూరు కింద, పోర్టికో దూలం పక్కన, అంటే మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం దాకా ఎండ తగలని చోటు. ముఖం ఉత్తరానికో తూర్పుకో ఉంటే మంచిది. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి జల్లు కొడుతుంది కాబట్టి అక్కడ దిక్కు కంటే పైన కప్పు ఉండటమే ముఖ్యం.

ఇక చెక్క. ఆరు అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం, నాలుగున్నర అడుగుల పొడవున్న పలక ఒకటి చాలు. వేప, మామిడి, ప్యాకింగ్ పెట్టెల పైన్, ఏదైనా ఫరవాలేదు. చిత్రిక పట్టించొద్దు, గరుకుగానే ఉండనివ్వండి. మామూలు ప్లైవుడ్ ఒక్క వానాకాలానికే పొరలు విడిపోతుంది. చెక్క పీచును జిగురుతో అదిమి చేసే ఎమ్‌డీఎఫ్ పలక అయితే ఉబ్బి పిండైపోతుంది. రేకు డబ్బాల ఊసే ఎత్తొద్దు. చెదల మందు పూసిన పాత చెక్క కూడా వద్దు.

కోతలు ఇలా: వెనక పలక 16 అంగుళాలు, ముందు పలక తొమ్మిదిన్నర, అడుగు నాలుగున్నర. పక్క పలకలకు 22 అంగుళాల ముక్క ఒకటి తీసి, ఒక అంచు మీద 12 దగ్గర, ఎదురు అంచు మీద అదే చివర నుంచి 10 దగ్గర గీత పెట్టి ఏటవాలుగా కోస్తే సమానమైన రెండు ముక్కలు వస్తాయి. వెనక వైపు 12, ముందు వైపు 10. అంతా కలిపి 52 అంగుళాలు, రంపం కోతకు పోయేది పోను కాస్త మిగులుతుంది. కప్పుకు మాత్రం వేరే పలక కావాలి. తొమ్మిది అంగుళాల పొడవు, ఎనిమిది వెడల్పు ఉంటే మూడు వైపులా చూరులా బయటికి వస్తుంది.

కన్నం 32 మిల్లీమీటర్లు, అంటే అంగుళంపావు. ఇందులో బేరం లేదు. 45 దాటిందంటే గోరింకలు పెట్టెను ఆక్రమించుకుంటాయి. ముందు పలక పై అంచు నుంచి రెండు అంగుళాల కింద కన్నం మధ్యబిందువు పెట్టి, హోల్ సా బిట్‌తో (డ్రిల్‌కు తగిలించే గుండ్రటి రంపం) తొలవండి. అప్పుడు పెట్టె అడుగు నుంచి కన్నానికి సుమారు ఆరు అంగుళాల లోతు ఉంటుంది. అంతకంటే తగ్గితే పిల్లి పంజా పిల్లలను అందుకుంటుంది. కన్నం కింద లోపలి వైపు రంపంతో ఐదారు అడ్డగీతలు గీస్తే పిల్లలు ఎక్కి రావడానికి పట్టు దొరుకుతుంది. ఉడుతలు కన్నాన్ని కొరికి పెద్దది చేస్తుంటే అదే కొలత కన్నం ఉన్న రేకు ముక్కను బయట బిగించండి, కానీ దాని అంచును ఆకురాయితో బాగా రాయాలి.

బిగింపుకు మేకులు వద్దు. వానకు చెక్క ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంటే మేకు వదులైపోతుంది. ఒకటిన్నర అంగుళాల స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి. ముందుగా సన్నటి డ్రిల్‌తో దారి చేయకపోతే పలక అంచు చీలుతుంది. వెనక పలక కింద ఒకటిన్నర, పైన రెండున్నర అంగుళాలు పక్క పలకలను దాటి ఉండాలి, గోడకు బిగించేది అక్కడే. అడుగు పలకను కింది అంచు నుంచి పావు అంగుళం పైకి జరిపి, నాలుగు మూలలా ఆరు మిల్లీమీటర్ల రంధ్రాలు చేయండి. ముందు పలకకు, కప్పుకు మధ్య సన్నని సందు మిగులుతుంది. దాన్ని పూడ్చకండి, వేడిగాలి పోయేది అక్కడి నుంచే. కప్పు, వెనక పలక కలిసే చోట మాత్రం పాత సైకిల్ ట్యూబు ముక్కను మేకులతో కొడితే నీరు దిగదు.

ఒక పక్క పలకే తలుపు. దాన్ని కప్పుకు గానీ అడుగుకు గానీ బిగించకండి. కింది నుంచి ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తులో ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, సరిగ్గా ఒకే మట్టంలో రెండు స్క్రూలు వేస్తే వాటి మీద తిరుగుతుంది. పైన పావు అంగుళం కోసేయకపోతే కప్పుకు తగిలి ఇరుక్కుంటుంది. అటూ ఇటూ కూడా ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) వదులు ఉంచండి, లేకపోతే వానాకాలంలో తలుపు రాదు. కింద ఒక స్క్రూ దాన్ని మూసి ఉంచుతుంది.

లోపల రంగు, వార్నిష్ ఏమీ వద్దు. గడ్డి, దూది పెట్టే పనీ మీది కాదు, అవే తెచ్చుకుంటాయి. సగం గడ్డి కన్నం బయట వేలాడుతుంటే గూడు నిండుతోందని అర్థం.

ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో గోడకు గట్టిగా బిగించండి. తాడుకు వేలాడదీస్తే గాలికి ఊగుతుంది. పిట్టగోడ, ఏసీ డబ్బా, కొమ్మ దగ్గరగా ఉంటే పిల్లికి అదే మెట్టు. ఏసీ వేడిగాలి తగిలే చోటు అసలే పనికిరాదు. వసారాలో సీలింగ్ ఫ్యాన్ ఉంటే పెట్టెను అక్కడ పెట్టొద్దు, దాని రెక్కలు తగిలి చచ్చే పిచ్చుకలు తక్కువేం కాదు. పిచ్చుకలు గుంపు జీవులు కాబట్టి మూడడుగుల దూరంలో రెండు మూడు పెట్టెలు పెట్టినా తగాదా ఉండదు.

2010 నుంచి మార్చి 20న పిచ్చుకల దినోత్సవం చేస్తున్నారు. ఆ రోజున పెట్టెలు పంచడం ఆనవాయితీ అయింది. అప్పటికే చాలా జంటలు గూళ్లు కట్టేసుకుని ఉంటాయి! జనవరిలో పెట్టడం మేలు. కొత్త పెట్టెను కొన్ని నెలలు పట్టించుకోకపోయినా కంగారు పడి చోటు మార్చకండి. అసలు చుట్టుపక్కల పిచ్చుకలే లేకపోతే మాత్రం ఎంత మంచి పెట్టె అయినా వాటిని పుట్టించలేదు. పిల్లలు మొదటి రోజుల్లో గింజలు తినవు, వాటికి మెత్తటి పురుగులు కావాలి. చూరుకు వరి కంకుల కుచ్చు కట్టి, పెరట్లో పురుగుమందు కొడితే పెద్దవి తింటాయి, పిల్లలు పస్తుంటాయి.

మూడు నుంచి ఐదు గుడ్లు పెడతాయి. పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో తలుపు తెరవకండి. పిల్లలు ఎగిరిపోయాక వారం రోజులు చూసి, లోపల కొత్త గుడ్లు లేవని రూఢి చేసుకున్నాకే శుభ్రం చేయాలి. గడ్డి నిండా సన్న పురుగులు ఉంటాయి కనుక మాస్కు, గ్లౌజులు వేసుకోండి. గడ్డంతా తీసేసి, మరిగిన నీళ్లు పోసి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. మందులు చల్లొద్దు. తిరిగి గోడకు పెట్టేటప్పుడు తలుపు కింది స్క్రూ బిగించారో లేదో ఒకసారి లాగి చూడండి.