ఐదేళ్ల పిల్లలతో డైనోసార్ పని: ఆరు వారాల చిట్టా

మొదటి వారం: తాడు

ఐదేళ్లకే పిల్లలకు ఇరవై డైనోసార్ల పేర్లు నోటికి వచ్చేస్తాయి. "పెద్దది" అంటే ఎంతో మాత్రం అందదు. అందుకే పేర్ల చార్టు పక్కన పెట్టి కొలతతో మొదలుపెట్టాం. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం పొడవు 44 అడుగులు, ఎత్తు 16 అడుగులు. 44 అడుగుల జనపతాడు తీసుకుని ప్రతి 4 అడుగులకు ఒక రంగు గుడ్డపీలిక కట్టాలి. తాడుకే ముడి వేస్తే ఒక్కో ముడికి అంగుళం పైనే పోతుంది, చివరికి అడుగు తగ్గుతుంది. నైలాన్ తాడు లాగితే సాగుతుంది, వద్దు.

డాబా మీద తాడు పరిచి, పక్కనే ముగ్గుపిండితో తల, తోక గుర్తు పెట్టి, పిల్లలను మడమకు వేళ్లు ఆనించి నడవమనాలి. పాదం 17 సెం.మీ. అయితే దాదాపు 79 పాదాలు. ముప్పై దాటగానే లెక్క తప్పుతారు కాబట్టి పదికో చింతగింజ పక్కన పెట్టించాలి.

రెండో వారం: కోడి అడుగు

చికెన్ కొట్లో అడిగి తెచ్చిన కోడికాలిని ఉప్పునీళ్లతో కడగాలి. బంకమట్టిని చపాతీ కర్రతో 2 సెం.మీ. మందాన ఒత్తి, కాలిని పిల్లల చేతే అదిమించి తీయించాలి. ఆ గుంట అచ్చు. చుట్టూ 4 సెం.మీ. ఎత్తు అట్టపట్టీ పెట్టి, అందులో పోసేది పోత. ఈ రెండు మాటలూ మొదటి రోజే నేర్పాం, తర్వాత చాలా చోట్ల పనికొచ్చాయి.

పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పొడి రెండు కొలతలు, నీళ్లు ఒక కొలత. పొడినే నీళ్లలో చల్లాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. ఒక నిమిషం నాననిచ్చి నెమ్మదిగా కలిపితే దోసెల పిండిలా వస్తుంది. గబగబా తిప్పితే గాలిబుడగలు చేరి, సరిగ్గా గోళ్ల దగ్గరే గుంటలు పడతాయి. పోశాక పీటను కింద నుంచి నాలుగైదుసార్లు తట్టాలి. 40 నిమిషాలకు విడదీయవచ్చు, పూర్తిగా ఆరడానికి ఒక రోజు.

మొదటి పోత గంటైనా మెత్తగానే ఉండిపోయింది. కారణం పొడి: వానాకాలంలో విప్పి ఉంచిన సంచిలో అది ముందే చెమ్మ పీల్చేసింది. పోసేముందు చెంచాడు కలిపి చూసుకుంటే అరగంటలో తెలిసిపోతుంది.

పీఓపీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. చెయ్యి అందులో పెట్టి ఉంచితే చర్మం కాలుతుంది, కాబట్టి కలపడం, పోయడం పెద్దవాళ్ల పనే. పొడి ఎగరకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. మిగిలిన పీఓపీని సింకులో కడగకూడదు, గొట్టంలోనే గట్టిపడుతుంది.

మూడో వారం: తవ్వకం

బొమ్మ ఎముకలు లోపల పెట్టి పోసిన ఉత్త పీఓపీ దిమ్మ ఐదేళ్ల చేతికి లొంగదు. సుత్తి అడుగుతారు, లోపలి బొమ్మ విరుగుతుంది. జల్లించిన ఇసుక 3 కప్పులు, పీఓపీ 1 కప్పు, నీళ్లు సుమారు 1 కప్పు (ఇసుక తడిగా ఉంటే తక్కువ) కుదిరింది. లీటరు ఐస్‌క్రీమ్ డబ్బా సరిపోతుంది. బొమ్మ ఎముకలకు కొబ్బరినూనె రాస్తే ఇసుక వదిలేస్తుంది. ఒకదాన్ని పైనుంచి 1 సెం.మీ. లోతులోనే పెట్టండి. ఐదు నిమిషాల్లో ఏదీ దొరక్కపోతే పిల్లలు లేచిపోతారు. ఐస్‌క్రీమ్ పుల్ల, పాత టూత్‌బ్రష్, అంగుళం పెయింటు బ్రష్ చాలు. కళ్లకు ఈత కళ్లద్దాలు.

డబ్బా మీద దారంతో నాలుగు గళ్లు కట్టి, అవే గళ్లు కాగితం మీద గీయాలి. ఎముక కనిపించగానే బయటికి లాగకుండా, ముందు కాగితం మీది ఆ గడిలో దాని బొమ్మ గీసి నంబరు రాయాలి. తవ్వకంలో అసలు పని ఇదే. ఏది దేని పక్కన ఉందో రాసుకోకపోతే, తర్వాత ఆ ఎముకలు ఒకే జంతువువని చెప్పే ఆధారమే ఉండదు.

నాలుగో వారం: బల్లి, కోడి

డైనోసార్‌ను మనం రాక్షసబల్లి అంటాం. రాత్రి ట్యూబ్‌లైట్ దగ్గర గోడ మీది బల్లిని చూపించండి: కాళ్లు పక్కలకు చాపి ఉంటాయి. కోడికి కాళ్లు ఒంటి కిందికి నిటారుగా ఉంటాయి, డైనోసార్లకూ అంతే. నాటుకోడి ఎముకలను సన్నమంట మీద గంట ఉడికించి, బ్రష్‌తో తోమి, గిన్నెల సబ్బు నీళ్లలో ఒక రాత్రి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఇంకో రాత్రి ఉంచాలి. మూత బిగించవద్దు, వాయువు పుడుతుంది. కుక్కర్‌లో పెడితే ఎముక పొడిపొడి అవుతుంది, బ్లీచింగ్ కూడా ఎముకను తినేస్తుంది. రొమ్ము దగ్గరి వి ఆకారపు ఎముకను విడిగా దాచండి. టైరనోసారస్‌కూ అది ఉంది.

ఐదో వారం: దారం

పది లక్షల ఏళ్లకు 1 సెం.మీ. చొప్పున 252 సెం.మీ. దారం. ఆ కొస డైనోసార్ల యుగం మొదలు, ఈ కొస నేడు. ఇక్కడి నుంచి 66 దగ్గర ఎర్రపూస (పక్షులు తప్ప డైనోసార్లన్నీ పోయిన కాలం), 145, 201 దగ్గర పచ్చపూసలు, వాటి మధ్యది జురాసిక్. మన జాతి మనుషుల మూడు లక్షల ఏళ్లు 3 మిల్లీమీటర్లు, బియ్యపుగింజలో సగం.

ఆరో వారం: మ్యూజియం, గచ్చు

కోటసారస్ ఎముకలు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికాయి. 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి ఆ పేరు పెట్టారు. రెండు పళ్లు తప్ప పుర్రె దొరకలేదు. కాబట్టి వెళ్లేముందు ఒకే ప్రశ్న ఇచ్చాం: "తల దొరకలేదు కదా, మరి ఇది ఎలా చేశారు?" ఇరవై బోర్డులు చదివి వినిపించడం కన్నా ఇది ఎక్కువసేపు నిలబెట్టింది. అచ్చు, పోత అన్న మాటలు ఇక్కడ పిల్లల నోటి నుంచే వస్తాయి.

కోటసారస్ పేరులోని కోట గడ్చిరోలి జిల్లా సిరోంచ దగ్గరి ఊరు. గచ్చుకు వేసే రాజస్థాన్ కోటా రాయితో దానికి సంబంధం లేదు. ఇంట్లోని తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు 50 కోట్ల ఏళ్ల కంటే పాతవి, వాటిలో ఎముక దొరకదు. నాపరాళ్ల మీద అప్పుడప్పుడు కనిపించే నల్లటి ఫెర్న్ ఆకులాంటి గీతలు మాంగనీసు మరకలే. ఆకు అయితే నడిమి ఈనె, దాని నుంచి రెండు వైపులా ఈనెలు ఒక వరసలో ఉండాలి. భూతద్దంతో ఆ ఈనె కోసం వెతకడం వచ్చే వారం పని.