దాలర్నా: రాగి గనిలోంచి మిడ్‌సమ్మర్ దాకా

స్వీడన్‌లో జూన్‌లో వచ్చే వేసవి పండగ మిడ్‌సమ్మర్. ఆ వారంలో అక్కడి దాలర్నా ప్రాంతానికి వెళ్తున్నానని చెప్పగానే స్టాక్‌హోం ఆఫీసులో అందరూ అడిగింది ఒకటే: "రూమ్ దొరికిందా?" దొరకలేదు. సిల్యాన్ సరస్సు ఒడ్డునున్న లెక్‌సాండ్, రెట్విక్ లాంటి ఊళ్లలో ఆ రోజులకి గదులు చాలా ముందే అయిపోతాయి. అందుకని అదే ప్రాంతంలోని ఫాలున్ పట్నంలో బస పెట్టుకుని, అక్కణ్ణించి రైళ్లలో తిరుగుదామనుకున్నాను. ఇప్పుడు దాలర్నా ఎక్కణ్ణించి మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను సరస్సు పేరు చెప్పను. ఫాలున్ రాగి గని పేరే చెప్తాను.

గని టూర్‌కి ముందే బుక్ చేసుకోవాలి, ఇంగ్లీషులో కావాలంటే మరీను. హెల్మెట్, పైన వేసుకునే రెయిన్‌కోటు వాళ్లే ఇస్తారు. స్వెటర్ మాత్రం మనదే. బయట జూన్ ఎండ, లోపల అయిదారు డిగ్రీల చలి. చెక్క మెట్లు తడితడిగా ఉంటాయి, పైనుంచి నీళ్లు కారుతూ ఉంటాయి. 67 మీటర్ల లోతు దాకా తీసుకెళ్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి.

లోపల నాకు అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించింది ఆ రోజుల్లో రాయి పగలగొట్టిన పద్ధతి. రాతి గోడకి ఆనించి కట్టెలు పేర్చి, నిప్పు పెట్టి, రాత్రంతా మండనిచ్చేవాళ్లు. ఆ వేడికి రాయి బీటలు వారితే పలుగులతో పెకిలించేవాళ్లు. అలా తీసిన రాగితోనే 17వ శతాబ్దంలో స్వీడన్ యూరప్‌లో పెద్ద రాజ్యంగా నిలబడింది. ఈ గనిలో ఎనిమిదో వంతు వాటాకి సంబంధించిన పత్రం ఒకటి 1288 నాటిది ఇప్పటికీ ఉంది. షేర్ మార్కెట్ పిచ్చి ఉన్న మా తమ్ముడికి ఆ సంగతి వెంటనే మెసేజ్ పెట్టాను.

తవ్వినవాళ్లు ప్లాన్ లేకుండా తవ్వారు. ఖనిజం ఎటు కనబడితే అటు. గుహల మధ్య గోడలు పలచబడిపోయి, 1687 జూన్‌లో మొత్తం కూలింది. పైన నిలబడి చూసే ఆ పెద్ద గొయ్యి అప్పుడు పడిందే, లోతు సుమారు 95 మీటర్లు. ఒక్కరూ చనిపోలేదు. ఎందుకంటే ఆ రోజు మిడ్‌సమ్మర్ సెలవు. ఈ మాట విన్నాక మర్నాటి పండగ మీద నాకు గౌరవం పెరిగింది.

ఫెట్-మాట్స్ కథ కూడా అక్కడే చెప్తారు. 1677లో గనిలో మాయమైన మనిషి శవం 1719లో దొరికింది. అక్కడి నీళ్లలోని రసాయనం వల్ల కుళ్లనే లేదు. ఎవరో ఎవరికీ తెలియలేదు, ఒకప్పుడు అతనితో పెళ్లి నిశ్చయమైన ఆవిడ వచ్చి గుర్తుపట్టేదాకా. అప్పటికి ఆవిడ ముసలావిడ, అతను మాత్రం కుర్రాడే. పాపం, ఆ తర్వాత కూడా శవాన్ని జనానికి చూపిస్తూ చాలా ఏళ్లు ఉంచారు. చివరికి సమాధి చేసింది 1930లో. అన్నేళ్లు అలా చూపించడం నాకు నచ్చలేదు.

గనిని 1992లో మూసేశారు. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ దాని పేరుతో వచ్చే ఎర్ర రంగు ఇంకా తయారవుతూనే ఉంది. గని పక్కన శతాబ్దాలుగా పోసిన రాతి వ్యర్థం గుట్టలనుంచి రంగుపొడి తీస్తారు. నీళ్లు, రై పిండి, అన్నభేది వేసి గంజిలా కాచి, ఆ పొడి కలిపితే స్వీడన్ పల్లెల్లో ఇళ్లకి వేసే ఎర్ర రంగు తయారు. చెక్క మీద పొరలా బిగుసుకోదు కాబట్టి లోపలి తడి బయటికి పోతుంది. ఫాలున్‌లోని ఎల్స్‌బోర్గ్ పేటలో గని కార్మికుల పాత చెక్క ఇళ్లన్నీ ఇదే రంగు. గోడలకి మాత్రం ఆనుకోకండి, చొక్కాకి అంటుతుంది.

ఫాలుకొర్వ్ అనే సాసేజ్ కూడా గని పుణ్యమే. ఖనిజం పైకి లాగే తాళ్లకి ఎద్దుల తోళ్లు కావాలి, తోలు తీశాక మిగిలిపోయిన మాంసంతో సాసేజ్ చేసేవాళ్లు. నేను శాకాహారిని, రుచి గురించి చెప్పలేను.

మర్నాడు శుక్రవారం, మిడ్‌సమ్మర్ ఈవ్. బోర్లెంగెలో రైలు మారి లెక్‌సాండ్ చేరాను. నిలబడ్డానికి చోటు లేదు. వేల మంది జనం, ఊరి పద్ధతి ప్రకారం కట్టుకున్న బట్టలు, ఒక్కో ఊరికి ఒక్కో రంగుల అంచు. ఆకులూ పూలూ చుట్టిన పొడుగాటి స్తంభాన్ని మగవాళ్లు గడ కర్రలతో కొంచెం కొంచెంగా లేపుతుంటే ఫిడేళ్లు మోగుతూనే ఉన్నాయి. నిలబడగానే చప్పట్లు, తర్వాత పెద్దా చిన్నా తేడా లేకుండా చుట్టూ గుండ్రంగా ఆట. నన్నూ ఒక పెద్దావిడ చెయ్యి పట్టి లాగేసింది. రాత్రి పది దాటినా వెలుతురే. ఆ రోజు కొట్లు మధ్యాహ్నానికే మూసేస్తారు, తిండి ముందే కొనిపెట్టుకోవాలి.

సరస్సు గురించి ఒక్క మాట. సిల్యాన్ చుట్టూ ఉన్న పెద్ద వలయం ఉల్కాపాతంతో ఏర్పడింది, సుమారు 38 కోట్ల ఏళ్ల కిందట. కంటికి మాత్రం నీళ్లు, అడవి తప్ప ఏమీ కనబడదు. టైం తక్కువుంటే మూరా దగ్గర నూస్నెస్‌కి వెళ్లండి, చెక్క గుర్రాలు చేసే వర్క్‌షాపులు రెండున్నాయి. పైన్ చెక్కని చేత్తో చెక్కడం, కుంచెకి ఒకేసారి రెండు రంగులు అద్ది పూలు గీయడం దగ్గర నిలబడి చూడొచ్చు. గుర్రాలకి వాడే ఎరుపు కూడా మొదట ఫాలున్‌దేనట. పెద్ద గుర్రం ధర చూసి చిన్నది కొనుక్కున్నాను.