గ్రహణం రాత్రి మాన్యువల్ మోడ్‌తో

2025 సెప్టెంబరు 7, భాద్రపద పౌర్ణమి. రాత్రి 9.57కి పట్టు, 11 నుంచి 12.22 దాకా సంపూర్ణ గ్రహణం. అమ్మ ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, అందరికీ పెందరాళే అన్నాలు పెట్టేసింది. నేను ట్రైపాడ్, 300 ఎంఎం లెన్సు పట్టుకుని డాబా ఎక్కాను.

ఆటో మోడ్‌లో తీస్తే చంద్రుడు తెల్లటి బిళ్లలా వస్తాడు. ఫ్రేము నిండా నల్లటి ఆకాశమే కదా, అది చూసి కెమెరా ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుగు) పెంచేస్తుంది. నిజానికి పున్నమి చంద్రుడంటే ఎండలో ఉన్న రాతి గుండు. పగటి సెట్టింగులే పెట్టాలి. ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్సు ద్వారం) ఎఫ్/8, షట్టర్ 1/200 సెకను పెట్టాను. వెలుగు కొలిచే మీటరు మైనస్ చివరికి పోయి, వెలుగు చాలదని మొత్తుకుంటూనే ఉంది. దాని మాట వినలేదు. మచ్చలన్నీ స్పష్టంగా పడ్డాయి. ఫోకస్ కూడా మాన్యువలే: లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) చంద్రుడి అంచును పదింతలు పెద్దది చేసి, రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. లెన్సు మీది ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తును నమ్ముకోకండి.

పట్టు మొదలయ్యాక రెండు పడవల ప్రయాణమే. వెలుగు భాగానికి సరిపెడితే నీడలో ఏమీ కనపడదు, నీడకు సరిపెడితే వెలుగు భాగం తెల్లగా మాడిపోతుంది. నేను వెలుగు వైపే ఉన్నాను. ఒక్కో షాట్‌కీ హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) కుడి గోడకు తగలకుండా చూసుకుంటూ షట్టర్ వేగం తగ్గించుకుంటూ వచ్చాను.

అసలు పరీక్ష 11 తర్వాత. వెలుగు వేల రెట్లు పడిపోయింది. ఎపర్చర్ ఎఫ్/5.6కి తెరిచాను, అయినా చాల్లేదు. షట్టర్ ఇష్టమొచ్చినంత సేపు తెరిచి ఉంచుదామంటే చంద్రుడు ఆగడు, రెండు నిమిషాల్లో తనంత మేర జరిగిపోతాడు. ఒక సెకను దాటితే అంచులు అలుక్కుపోతున్నాయి. అందుకే అర సెకను దగ్గర ఆగి, ఐఎస్ఓ 3200కి పెంచాను. నాయిస్ (బొమ్మలో గరుకు చుక్కలు) వచ్చింది, రానీ. దాన్ని తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, కదిలిన బొమ్మను ఏం చేయగలం? వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపేసి, రెండు సెకన్ల టైమర్ పెట్టాను. మధ్యలో మబ్బులు అడ్డొస్తే చేసేదేముంది, కూర్చున్నాను.

వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మాత్రం మొదటినుంచీ డేలైట్ మీదే ఉంచాను. ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ రాగి ఎరుపును ఏదో దోషమనుకుని కడిగేయొచ్చు. ఆ రంగు కోసమే కదా, అంతసేపు డాబా మీద కూర్చున్నది.